సిలిండర్ లోపలి గీతలు

గీతలు బాగున్నాయి. బాగుండటమే సిద్దిరాములుకు మింగుడుపడటం లేదు. వాకిట్లో గోనెపట్టా పరుచుకొని, పంపింజను హెడ్డు విప్పి ఒక పక్క, పిస్టన్ లాగి ఒక పక్క పెట్టి, సిలిండరును రెండు చేతులా ఎత్తి చలికాలపు ఎండకేసి పట్టుకొని, ఒక కన్ను మూసి లోపలికి చూస్తూ ఎంతసేపటినుంచి అలా కూర్చున్నాడో అతనికే తెలియదు. లోపలి గోడ నిండా సన్నసన్నటి గీతలు, ఎడమనుంచి ఎక్కేవి కొన్ని, కుడినుంచి ఎక్కేవి కొన్ని, ఒకదాన్నొకటి దాటుకుంటూ పైఅంచు దాకా పోయాయి, ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఒత్తు ఎక్కువ కాలేదు. అరిగి అరిగి అద్దంలా నున్నబడ్డ గోడ మీద నూనె నిలవదు, రింగులు పట్టవు, ఇంజను పొగ కక్కుతుంది, అందుకే రాయితోనో గరుకు కాగితంతోనో లోపల మళ్లీ కాస్త గరుకు చేసి గీతలు పెట్టాలి, ఆ గీతల్లో నూనె నిలుస్తుంది, దాన్నే హోనింగ్ అంటారు, షార్జాలో షెడ్డులో ఏళ్లకేళ్లు తన చేతులు చేసిన పని అదే. కాబట్టి ఈ గీతలను ఊళ్లో ఇంకెవరూ చదవలేనట్టు తను చదవగలడు. ఇవి మిషను గీతలు కావు. మిషను గీత ఒకే లోతున పోతుంది, దానికి మనసు లేదు. ఇవి చేత్తో పెట్టినవి, తొందరలేని చేయి, ఎవరో మెచ్చుకోవాలని పెట్టిన చేయి. తన ఇంట్లో, తన పంపింజనులో, తను లేనప్పుడు ఇంత నిదానంగా కూర్చుని పనిచేసిన ఆ చేయి ఎవరిది.

ఎవరిదో తెలియకపోవడమేమిటి, తెలుసు. పోయినేడు ఇవే చలి రోజులు, షెడ్డులో రొట్టె తినే వేళకు నవనీత ఫోనులో కనిపించింది, ఒళ్లో బీడీల చాట, చాటలో తునికాకు, తలెత్తకుండానే "పంపు ఖరాబైండె, గిప్పుడు మంచిగైంది" అంది. ఎవరు చేసిన్రు అంటే "కరుణాకర్ నిర్మల్‌కెళ్లి రింగులు తెచ్చిండు" అని తలెత్తి నవ్వింది, ఇంకేదో చెప్పబోయింది, ఇంతలో ఇవతల ఫోర్‌మన్ కేకేశాడు, ఫోను పెట్టేశాడు. ఫోనైతే పెట్టేశాడు గానీ ఆ నవ్వును పెట్టెయ్యలేకపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ నవ్వు అతను చూసింది తక్కువ. ఏదో దాచుకున్న పిల్ల నవ్వే నవ్వది. ఒక మనిషి నిర్మల్ నుంచి రింగులు తెస్తే అంత నవ్వు దేనికి, రింగులేమన్నా బంగారపువా. ఆ రాత్రి గదిలో పైమంచం మీద పడుకొని సిద్దిరాములు ఆ నవ్వును అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, కింది మంచం మలబారు మనిషి గురక పెడుతుంటే ఆ గురక కూడా తనను చూసి నవ్వుతున్నట్టే తోచింది.

కరుణాకర్‌ది నవనీత పుట్టిన సిరిసిల్ల, ఆమె పుట్టిన వాడకట్టే, మరమగ్గాలు బాగుచేసే పనివాడు. మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయిన రోజుల్లో పని వెతుక్కుంటూ ఈ ఊరి పక్కనున్న బోథ్ వచ్చి బస్టాండు దగ్గర రేకుల షెడ్డు వేసుకొని ఇంజన్లు బాగుచేస్తున్నాడు. సిద్దిరాములును చూస్తే "బావా" అంటాడు, ఎంత మర్యాద. నవనీతను మాత్రం పేరు పెట్టి పిలుస్తాడు, అది కూడా సగం పేరే, "నీతా" అని. చిన్నప్పటి నుంచి అలవాటట. కట్టుకున్నవాడికి ఆ సగం పేరు ఉన్నట్టే తెలియదు, తాళి కట్టిన నాటి నుంచి పూర్తి పేరే పిలుస్తున్నాడు. పోనీ వాడు ఏ తాగుబోతో అయితే బాగుండు, తిట్టుకోవడానికి వీలుండేది. అవ్వకు జ్వరమొస్తే ఆదిలాబాద్ దవాఖానకు బండి మీద తీసుకుపోయింది వాడే, బిడ్డ అలేఖ్యను నిర్మల్ హాస్టల్లో దింపి వచ్చింది వాడే, పిలిస్తే వస్తాడు, చాయ్ తాగి పోతాడు, గడప దాటి లోపలికి రాడట. మంచివాళ్లతో వచ్చే చిక్కే ఇది, పట్టుకుందామంటే కొస దొరకదు. ఊరు కూడా ఒక్క మాట అనలేదు. ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని దసరాకు వచ్చినప్పటి నుంచి హోటల్ దగ్గర, మంగలి దుకాణం దగ్గర చెవులు రిక్కించుకొని కూర్చున్నాడు, పత్తి గురించి మాట్లాడారు, శనగ గురించి మాట్లాడారు, తనను చూసి మాట మార్చిన వాడు ఒక్కడూ లేడు. అనుమానమున్న వాడికి మాట వినపడ్డా మంటే, వినపడకపోయినా మంటే.

మళ్లీ పోయేది లేదు, ఇక ఇక్కడే ఉంటానని చెప్పి వచ్చాడు. చెప్పినప్పుడు ఆమె మొహంలో సంతోషమే కనిపించింది, తను వెతికింది మాత్రం సంతోషం కాదు, దాని వెనక ఏమన్నా ఉందా అని. ఇంటికొచ్చిన నాటి నుంచి చూస్తున్నాడు, ఈ ఇంట్లో తనకని ఖాళీగా ఉన్న పని ఏదీ లేదు. తలుపు గొళ్లెం ఎవరో సరిచేశారు, వంటింటి రేకు ఎవరో మార్చారు, బావి మోటరు వైరు ఎవరో అతికారు. తను వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటే వచ్చిపోయే వాళ్లు చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తున్నారు, ఎప్పుడొచ్చినవ్, మళ్లెప్పుడు పోతవ్. నవనీత కూడా పొద్దున లేస్తే ఒకటే మాట, "గా పంపు జర విప్పి చూడరాదు." పొగ వస్తోందా అంటే రావట్లేదు, నీళ్లు ఎత్తట్లేదా అంటే ఎత్తుతోంది, మరి ఎందుకు విప్పాలి అంటే "ఊకె చూడు" అంటుంది. ఊకెనే చూడటానికి అదేమన్నా పెళ్లి ఆల్బమా. నిన్న వాగు కాడ పంపు పెట్టినప్పుడు స్టార్టు కావడానికి కాస్త సతాయించింది, సన్నగా నీలి పొగ వచ్చింది, రింగులు మార్చే వేళయింది, అంతే. ఇవాళ ఆమె బీడీల కార్ఖానాకు చాట పట్టుకొని పోయాక, ఆమె ముందర విప్పడం ఎందుకో ఇష్టం లేక, ఇప్పుడు విప్పాడు. విప్పితే ఇది. వాడి పని చూసి మెచ్చుకోవాలనేనా ఆమె రోజూ పోరుతున్నది, ఇగో చూడు, నువ్వు చేసే పని నీకంటే మంచిగ చేసే వాడు ఈ దగ్గర్లనే ఉన్నడు అని చూపించడానికేనా.

పైఅంచు లోపల గోరు పెట్టి కిందికి జార్చాడు. మెట్టు పడలేదు, గోరు ఎక్కడా తగల్లేదు. సిలిండరుకు ఏ రోగమూ లేదు, రింగులు మార్చి, కడిగి, బిగిస్తే అయిపోతుంది, రాయి పెట్టే పనే లేదు. పని తెలిసిన వాడెవడైనా అంతే చెప్తాడు, తనకూ తెలుసు. అయినా లేచి ఇంట్లోకి పోయి, షార్జా నుంచి పెట్టె అడుగున బట్టల్లో చుట్టి తెచ్చుకున్న రాళ్ల మిషను తీశాడు, మూడు కాళ్లు, మూడు కాళ్లకు మూడు సన్నపు రాళ్లు, మధ్యన స్ప్రింగు. వైరు లాగి డ్రిల్లుకు బిగించాడు. సిలిండరును కాళ్ల మధ్య ఒత్తిపట్టి, నూనె చుక్కలు వేసి, రాళ్లను లోపలికి దించి మీట నొక్కాడు. రాయి గోడను తాకగానే వచ్చే ఆ చప్పుడు, కొన్ని నెలల తర్వాత విన్న ఆ చప్పుడు, ఒక్క క్షణం హాయిగా అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది తను ఏం చెరుపుతున్నాడో. చెరపనీ. నా ఇంజనులో నా గీతలే ఉండాలి.

పైకి, కిందికి, పైకి, కిందికి, డ్రిల్లు తిరుగుతూ ఉండాలి, చేయి ఆగకూడదు, ఆగితే ఆగిన చోట గుంట పడుతుంది, నూనె ఎండకూడదు, పైకి, కిందికి, షెడ్డులో పని నేర్పిన పెషావర్ ఉస్తాద్ పక్కన నిలబడి మెడ వంచి చూసేవాడు, ఒత్తు ఎక్కువైతే మణికట్టు మీద వేలితో కొట్టేవాడు, "బస్, బస్" అనేవాడు, పొద్దున ఇంటితో ఫోనులో కొట్లాడి వచ్చిన వాళ్లకు ఆ రోజు రాయి ఇచ్చేవాడు కాదు, ఊడ్చే పని ఇచ్చేవాడు, ఎందుకో అప్పట్లో అర్థం కాలేదు. సిద్దిరాములుకు మాత్రం ఆ శిక్ష ఎప్పుడూ పడలేదు, ఇంటితో కొట్లాట ఎక్కడిది, రోజూ ముచ్చట్లే. గదికి వచ్చి స్నానం చేసి ఫోను గోడకు ఆనించి పెట్టేవాడు, అవతల నవనీత కూడా ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి బీడీలు చుట్టేది, ఆకు కత్తిరించుకుంటూ, తంబాకు పోసుకుంటూ, దారం చుట్టుకుంటూ, వేళ్ల పని వేళ్లదే, చెవులు మాత్రం ఇటు. ఏం చెప్పేవాడు తను? చెప్పడానికి ఏముంది ఆ బతుకులో, షెడ్డూ గదీ తప్ప. అందుకని పనే చెప్పేవాడు. ఇవాళ ఒక బోటింజను వచ్చింది, లోపల సముద్రపు ఉప్పు గట్టిపడి ఉంది. ఇవాళ ఉస్తాద్ రాళ్లు లేకుండా గుండ్రటి కట్టెకు గరుకు కాగితం చుట్టి చేత్తో గీతలు పెట్టి చూపించాడు, పాతకాలం వాళ్లు అట్లనే చేసేవారట. పని అయినాక పెట్రోలుతో కడిగితే లాభం లేదు, రాతి పొడి గీతల్లోనే ఉండిపోయి రింగులను తినేస్తుంది, ఉడుకు నీళ్లల్లో సబ్బు వేసి కడగాలి, తెల్లబట్ట పెట్టి తుడవాలి, బట్ట తెల్లగా వచ్చేదాకా తుడుస్తూనే ఉండాలి, వెంటనే నూనె రాయాలి. ఆడమనిషికి ఈ ముచ్చట్లు ఎందుకని ఎప్పుడూ అనిపించలేదు, ఆమె ఊఁ కొట్టేది, మధ్యలో ఎందుకట్ల అని అడిగేది, తను ఇంకా హుషారుగా చెప్పేవాడు. ఇంటికొచ్చాక ఆ ముచ్చట్లన్నీ ఎక్కడికి పోయాయో. ఎదురెదురుగా కూర్చుంటే కూర బాగుంది, చలి ఎక్కువైంది, అంతకు మించి నోరు పెగలడం లేదు. మధ్యన ఎవడో కూర్చుని వింటున్నట్టు ఉంటుంది.

సబ్బు నీళ్లు. డ్రిల్లు ఆపాడు. పొద్దున సిలిండరు విప్పినప్పుడు గోడ మీద ఒక్క నిలువు గాటు లేదు, ఏడాది నడిచిన ఇంజను, రాతి పొడి ఏమాత్రం మిగిలినా నిలువునా చారలు పడేవి. అంటే గీతలు పెట్టిన వాడు దాన్ని పెట్రోలుతో కడగలేదు, సబ్బు నీళ్లతోనే కడిగాడు. కానీ మొన్న బోథ్‌లో తను చూశాడు కదా, కావాలని వాడి షెడ్డు ముందర చాయ్ తాగుతూ అరగంట నిలబడి మరీ చూశాడు, కరుణాకర్ ఒక సిలిండరును పెట్రోలు తొట్టిలో ముంచి బ్రష్షుతో కడిగి అట్లనే బిగించాడు, సబ్బూ లేదు, తెల్లబట్టా లేదు, లోపల లోపల తను నవ్వుకున్నాడు కూడా, గింతేనా నీ పనితనం అని. ఈ చుట్టుపక్కల ఇనుముకు నీళ్లు తగలనిచ్చే మెకానిక్కు ఒక్కడూ లేడు, తుప్పు పడుతుందని భయం. మరి ఈ ఒక్క సిలిండరుకు వాడికి సబ్బు నీళ్లు ఎవరు చెప్పారు. చెప్పింది ఎవరో సిద్దిరాములుకు తట్టింది. ఆమె చెప్పింది. పక్కన కూర్చుని, మా ఇంటాయన ఇట్ల చెప్పిండు అని, తను రోజూ ఫోనులో చెప్పిన ముచ్చట్లను మూట విప్పినట్టు విప్పి వాడి ముందర పోసింది. ఎడారిలో, ఇనుపమంచం మీద, ఆమె కోసమని ఏరుకొని ఏరుకొని చెప్పిన మాటలు. మనిషిని ఇచ్చుకుంటే ఇచ్చుకుంది, ఆ మాటలు ఇవ్వడమెందుకు. ఇంతకాలం ఏది జరిగి ఉంటుందని కుమిలాడో అది జరిగినా ఇంత మంట పుట్టేది కాదేమో, నిజంగా అట్లనే అనిపించింది, అనిపించినందుకు సిగ్గు కూడా వేయలేదు.

నూనె డబ్బా ఖాళీ అయింది. ఇంకో డబ్బా కోసం మూలనున్న పంపు సామాన్ల రేకుపెట్టె తెరిచాడు, పానాలు, పాత రింగులు, విప్పని కొత్త రింగుల పొట్లం, వైరుముక్కలు, వాటి కింద తెల్లబట్టలో చుట్టి పెట్టిన ఒక వస్తువు. విప్పితే కండె. మగ్గంలో అడ్డం పోయే నూలు చుట్టుకునే చెక్క కండె, జానెడు పొడుగు, మొదలు దగ్గర ఇనుప కట్లు, చెక్క నున్నగా చేతుల్లో అరిగి తేనెరంగుకు వచ్చింది. దాని మీద మెత్తగా పాతగుడ్డ చుట్టి, గుడ్డ మీద గరుకు కాగితం చుట్టి, దారంతో ఎంత ఒద్దికగా కట్టారో. సిలిండరులో పెట్టి చూశాడు, కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇదా ఆయుధం. సిరిసిల్ల కండె, మగ్గాల పనివాడు కాక ఇంకెవడి దగ్గర ఉంటుంది. తమదీ ఆ కులమే, పద్మశాలీలే, అయినా తాత కాలంలోనే మగ్గం వదిలి బోథ్ పక్కన నేల దున్నుకున్నారు, తను కండెను దగ్గరగా చూసిందే పెళ్లికి సిరిసిల్ల పోయినప్పుడు, మామ రాజయ్య మగ్గాల నడుమ నిలబడి చప్పుడులో వినపడక కేకలేస్తూ మర్యాద చేస్తుంటే. వాడు పని చేసి పోయినవాడు సామాను తీసుకుపోవాలి గదా, ఇక్కడెందుకు పెట్టిపోయాడు, అదీ తెల్లబట్టలో చుట్టి, పసిపిల్లను చుట్టినట్టు. చుట్టింది ఎవరు. దాచింది ఎవరు. మళ్లీ వస్తానని పెట్టిపోయాడా, వస్తాడని దాచిపెట్టిందా. సిలిండరు కడగడానికి వాకిట్లో మూడురాళ్ల పొయ్యి వెలిగించి నీళ్ల గిన్నె ఎక్కించాడు, కట్టెలు పెట్టాడు, కట్టెల నడుమ కండెను కూడా పెట్టాడు. దాని మీది నూనెగుడ్డ భగ్గున అంటుకుంది.

అరుగు మీద ఎండకు పడుకున్న తల్లి చంద్రవ్వ ముక్కు ఎగబీల్చింది. "ఏం కాలుతుంది కొడుకా, నూనె వాసనొస్తుంది."

"ఏం లేదవ్వా, కట్టె."

"మంచి కట్టె వాసనేరా గది" అని అవ్వ అటు తిరిగి పడుకుంది.

మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ మీట నొక్కాడు, పైకి, కిందికి, ఇప్పుడు ఒత్తు తెలియడం లేదు, నీతా, పైకి, నీతా, కిందికి, ఆ సగం పేరు రాయి చప్పుడులోనే వినిపిస్తోంది, మీటను వేలు వదలడం లేదు, వాడి గీత ఒక్కటి కూడా మిగలకూడదు, పైఅంచు దగ్గర ఇంకా కనిపిస్తున్నాయి, అక్కడ కాసేపు, అడుగున ఇంకా ఉన్నాయి, అక్కడ కాసేపు, నూనె నల్లగా కారుతోంది, లుంగీ మీద పడుతోంది, బస్ అని మణికట్టు మీద కొట్టేవాడు ఇక్కడ లేడు. ఎప్పటికో ఆపి గుడ్డతో తుడిచి ఎండకేసి పట్టి చూశాడు. అన్నీ తన గీతలే. మెరుస్తున్నాయి. సంతోషపడదామని చూశాడు, సంతోషం రాలేదు. కొత్త రింగు ఒకటి తీసి లోపల పెట్టి పిస్టన్‌తో నెట్టి చదును చేశాడు, రింగు రెండు కొసల నడుమ సందు వెంట్రుకంత ఉండాలి, లేదా కాగితమంత. వేలిగోరు పట్టేంత ఉంది. ఇంకో రింగు పెట్టి చూశాడు, అదీ అంతే. తప్పు రింగుది కాదు. అవసరం లేని సిలిండరును అవసరానికి మించి అరగదీశాడు, షెడ్డులో కొత్త కుర్రకారు చేసే తప్పు, అట్లాంటి సిలిండరును ఉస్తాద్ ఏమీ అనకుండా తూకం సామాన్లో పడేసేవాడు. రేపు ఈ మాట ఊళ్లో తెలుస్తుంది, షార్జా మెకానిక్కు ఇంటి పంపే పాడుచేసుకున్నాడని, ఆ నవ్వులో ముందు నవ్వేది వాడే, కాదు, వాడు నవ్వడు, ఫికర్ చేయకు బావా అంటాడు, అది ఇంకా అన్యాయం.

గేటు చప్పుడైంది. నవనీత ఖాళీ చాట చంకన పెట్టుకొని లోపలికి వచ్చి, గోనెపట్టా మీది సామాన్లు చూసి ఆగింది. మొహం విప్పారింది. అదే నవ్వు, పోయినేడు ఫోనులో సగంలో తెగిపోయిన నవ్వు, ఇప్పుడు పూర్తిగా వచ్చింది.

"విప్పినవా" అని చాటను అక్కడే పడేసి గబగబా వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకొని, సిలిండరును అతని చేతిలోనుంచి లాక్కున్నట్టే తీసుకుంది. దాన్ని ఎండకేసి పట్టింది. ఒక కన్ను మూసింది. అచ్చం పని తెలిసిన మనిషి చూసినట్టు సిలిండరును మెల్లగా తిప్పుతూ చూసింది. తిప్పుతున్న చేయి ఆగింది. నవ్వు ఎప్పుడు పోయిందో అతను చూస్తుండగానే పోయింది.

"గివి నావి గావు" అంది.

సిద్దిరాములుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా అర్థం కానట్టే అడగడం మేలనిపించింది.

"నీవేంది" అన్నాడు.

"గీతలు. పోయినేడు నేను వెట్టిన. కరుణాకర్ రింగులు తెచ్చిచ్చిండు గని ఆయన షెడ్డుల పని మస్తున్నది, జర ఆగుమన్నడు. ఆగితె శనగ ఎండిపోతుండె. నువ్వు చెప్పింది యాదికి తెచ్చుకున్న. కట్టెకు కాయితం చుట్టాలె, నూనె పోసుకుంట తిప్పుకుంట మీదికి కిందికి అనాలె, చెయ్యి ఆపొద్దు. ఉడుకు నీళ్లల్ల సర్ఫేసి కడిగిన, బట్ట తెల్లగొచ్చేదాక తుడిచిన. నీళ్లు పోస్తే ఖరాబైతదని అవ్వ ఒకటే మొత్తుకున్నది."

"నాకెందుకు చెప్పలే."

"చెప్పబోతే ఫోన్ పెట్టేస్తివి. ఇగ అటెన్క అనుకున్న, ఫోన్‌ల చెప్తే ఏముంటది, నువ్వొచ్చి విప్పుతవు, చూస్తవు, గిది ఎవరు చేసిన్రే అని అడుగుతవు, అప్పుడు చెప్పాలె అని. అందుకే గదా రోజు అంటున్న, జర విప్పి చూడు, జర విప్పి చూడు అని." సిలిండరును ఒళ్లో పెట్టుకొని గోనెపట్టా మీద కూర్చుంది. "నువ్వు అడగకపోతివి. మంచిగ లేకుండెనా, అందుకే రుద్దినవా?"

మంచిగ లేకుండెనా. ఆ మాటకు ఏం చెప్పాలి. ఉస్తాద్ చూస్తే కూడా భేష్ అనేవాడు, నువ్వు చేసినవని తెలియక రుద్దాను, తెలియక కాదు, వేరేవాడు చేశాడనుకొని రుద్దాను, అది చెప్తే ఏ వేరేవాడు అంటుంది, ఆ పేరు నోట్లోంచి బయటికి వస్తే ఇక జీవితాంతం ఈ వాకిట్లోనే పడి ఉంటుంది. "మంచిగుండె" అన్నాడు. "శాన మంచిగుండె." ఆమె నమ్మినట్టు లేదు, తల వంచుకొని వేలు లోపల పెట్టి గోడను తడుముతోంది. బీడీలు చుట్టీ చుట్టీ కొసలు నల్లబడ్డ వేళ్లు. పోయినేడు ఒకరోజు ఫోనులో ఆ వేళ్లు మరీ నల్లగా కనిపిస్తే ఏమైంది అని అడిగాడు, గిన్నెలు తోమినా అంది, తను ఆ మాట మీద కూడా రెండు రోజులు ఆలోచించాడు, ఎవరింట్లో గిన్నెలు అని.

"గవన్ని నేను చెప్పినవేనా" అన్నాడు చివరికి. "గంత యాదికుంటదా."

"ఎందుకుండది. రోజు చెప్తుంటివి గద. నీ ముచ్చట కోసరమే గా యాల్లకు బీడీల చాట ముంగట పెట్టుకొని కూసుందును. గిప్పుడే ఏం చెప్తలేవు."

ఆమె మామూలుగానే అంది. నిష్ఠూరం కూడా కాదు. అతనికి మాత్రం ఆ ఫోనులో మాట్లాడిన మనిషి కళ్లకు కట్టాడు, గోడకు ఆనించిన ఫోను ముందర తడి తలతో కూర్చుని చేతులు ఊపుతూ చెప్తున్నాడు, నవ్విస్తున్నాడు, ఎందుకట్ల అని ఆమె అడిగితే పొంగిపోతున్నాడు, ఆమె వాడి ప్రతి మాటనూ దాచుకుంటున్నది, వాడు చెప్పినట్టు చేసి వాడు మెచ్చుకోవాలని ఏడాది ఎదురుచూసింది. ఇన్నాళ్లూ ఇద్దరి నడుమ కూర్చుని వింటున్నది ఎవడో ఇప్పుడు తెలిసింది. కరుణాకర్ మీద ఎప్పుడూ పుట్టనంత కుళ్లు వాడి మీద పుట్టింది. కరుణాకర్‌ను అయితే ఎప్పటికైనా గెలవొచ్చు, వాణ్ని ఎట్లా గెలుస్తావు, వాడు షార్జాలోనే ఉండిపోయాడు, తనతో పాటు విమానం ఎక్కలేదు. ఆమె ఎవరి కోసం ఎదురుచూసిందో వాడు రాలేదు, వాడి బదులు అనుమానాల మూట మోసుకొని తను వచ్చాడు.

వాడు మాట్లాడినట్టు తనూ మాట్లాడాలని చూశాడు. "ఎక్కువ రుద్దితే ఏమైతదో ఫోన్‌ల చెప్పలే గద నీకు" అన్నాడు. "రింగు కొసల నడుమ సందు పెరుగుతది. నూనె పైకెక్కుతది, జోరు తగ్గుతది. గిప్పుడు గదే అయింది. నేనే ఖరాబు చేసిన."

ఆమె తలెత్తింది. "ఎందుకట్ల?"

ఫోనులో అడిగినట్టే అడిగింది. చెప్పాడు, చేతులు ఊపుతూ చెప్పాడు, రింగు తీసి లోపల పెట్టి సందు చూపించాడు, ఆమె ఒంగి చూసింది, గోరు పెట్టి చూసింది, ఊఁ కొట్టింది. మరి ఏం చేయాలె అంటే కొత్త సిలిండరు వేయాలి అన్నాడు, నిర్మల్‌లో దొరుకుతుంది, కరుణాకర్‌కు చెప్పాల్నా అని ఆమె అడిగితే ఒక్క క్షణం పట్టింది గానీ "ఎందుకు, మనమే పోదాం, అలేఖ్యను కూడా చూసొద్దాం" అన్నాడు, మాట మామూలుగానే వచ్చింది. ఇంకో మాట కూడా వచ్చింది, ఎవరూ అడగకుండానే.

"కొత్తదానికి గీతలు నువ్వే వెట్టు. నేను కూసోని చూస్త."

నవనీత మొహం మళ్లీ విప్పారింది, ఈసారి నవ్వు దాచుకోలేదు. "వెడ్త. నీ రాళ్లు నాకద్దు, నా కండె నాకున్నది. మా ఇంట్ల మొగోళ్లు మగ్గం నడుపుదురు గని కండెలు చుట్టేది ఆడోళ్లమే, బడికెళ్లి రాంగనే మా అవ్వ నా ముందర కుప్ప వోసేది, గందుకే చెయ్యి తిప్పుడు నాకు అలవాటు. మా బాపు మగ్గాలు తూకానికి అమ్మిననాడు ఒక్కటే అడిగి తెచ్చుకున్న. ఇంకేం తెచ్చుకోలే ఆడికెళ్లి." లేచి నిలబడి కొంగు దోపుకుంది. "రేకుపెట్టెల తెల్లబట్టల చుట్టి వెట్టిన, తీసి చూస్తవా, నేను కాయితం ఎట్ల కట్టిన్నో. ఉండు, నీళ్లు మసులుతున్నట్టున్నయి, ముందు గవి దించొస్త."

సిద్దిరాములు కండె కాలిన పొయ్యికేసి చూశాడు. షార్జాలో ఉన్న వాడైతే ఏదో ఒకటి చెప్పేవాడు. నవనీత మసిగుడ్డ చేతిలోకి తీసుకొని, గిన్నె దించడానికి పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.